సర్టిఫికెట్ సరిగానే ఉన్నా కంప్యూటర్ ఎందుకు ఒప్పుకోదు?

జీఎస్‌టీ రిటర్ను గడువు దగ్గరపడిన రోజుల్లో ఆడిటర్ల కార్యాలయాల్లోనూ, టెండరు దాఖలుకు చివరి గంటల్లో కాంట్రాక్టర్ల కార్యాలయాల్లోనూ తరచు వినిపించే ఫిర్యాదు ఒకటుంది: డిజిటల్ సంతకపు టోకెన్ (సంతకం చేసే కీని దాచే యూఎస్‌బీ పరికరం) ఒక కంప్యూటర్‌లో పనిచేస్తోంది, పక్క కంప్యూటర్‌లో పనిచేయడం లేదు. సర్వర్లు చూసుకునేవారి ఫిర్యాదు రూపంలో వేరైనా సారంలో ఇదే. కొత్త సర్టిఫికెట్ పెట్టాక సైటు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కానీ, మొబైల్ యాప్ కనెక్ట్ కాదు. రెండు సందర్భాల్లోనూ తెరమీది సందేశం సర్టిఫికెట్‌నే నిందిస్తుంది. దాంతో సర్టిఫికెట్ తీసేసి మళ్లీ పెట్టడం, జారీ సంస్థకు ఫోను చేయడం, టోకెన్‌ను ఫార్మాట్ చేయించడం వరుసగా జరిగిపోతాయి. వీటిలో చివరిది చాలాసార్లు కోలుకోలేని నష్టం తెస్తుంది.

సర్టిఫికెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఒక్క పనిలా కనిపించినా, అందులో అయిదారు వేర్వేరు విషయాలు కలిసిరావాలి: సర్టిఫికెట్ ఫైలు, దానికి జతైన ప్రైవేట్ కీ (యజమాని దగ్గరే ఉండవలసిన రహస్య సంఖ్య), మధ్యవర్తి సర్టిఫికెట్ల గొలుసు, నమ్మకపు జాబితా, కంప్యూటర్ గడియారం, నెట్‌వర్క్ దారి. తప్పు వీటిలో ఎక్కడున్నా దోషం సర్టిఫికెట్ పేరుమీదే కనిపిస్తుంది. ఈ వ్యాసం వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూపే ప్రయత్నం.

ఈ చిక్కును ఇప్పుడే అర్థం చేసుకోవలసిన కారణం కూడా ఉంది. జారీ సంస్థలూ బ్రౌజర్ కంపెనీలూ సభ్యులుగా ఉన్న సీఏ/బ్రౌజర్ ఫోరం, వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 398 రోజుల నుంచి దశలవారీగా తగ్గించాలని 2025 ఏప్రిల్‌లో తీర్మానించింది. 2026 మార్చి 15 నుంచి జారీ అయ్యేవాటికి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు మాత్రమే గడువు. ఏడాదికోసారి ఎదురయ్యే ఇబ్బంది నెలన్నరకోసారి ఎదురైతే ఇప్పటిలా తడుముకుంటూ నెట్టుకురావడం కుదరదు.

సర్టిఫికెట్‌లో ఏముంటుంది, ఏముండదు

ఒకరి పబ్లిక్ కీ (ప్రైవేట్ కీకి జతగా ఉండి, అందరికీ చూపగల కీ) ఫలానా పేరుకు చెందినదని మూడో సంస్థ సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రమే డిజిటల్ సర్టిఫికెట్. ఇందులో యజమాని పేరు లేదా వెబ్‌సైటు చిరునామా, పబ్లిక్ కీ, గడువు మొదలయ్యే ముగిసే సమయాలు, జారీ సంస్థ పేరు, ఏ పనికి వాడవచ్చో చెప్పే వివరాలు, చివరన జారీ సంస్థ సంతకం ఉంటాయి. ఈ అమరికకు ప్రమాణం ఎక్స్.509. దాని మొదటి రూపం 1988లో వచ్చింది.

ఇందులో రహస్యమేమీ లేదు. వెబ్‌సైటు తన సర్టిఫికెట్‌ను వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపుతుంది. రహస్యమైనది ప్రైవేట్ కీ. అది సర్టిఫికెట్‌లో ఉండదు, జారీ సంస్థ దగ్గరా ఉండదు, ఉండకూడదు. సర్టిఫికెట్‌ను ఎన్ని కంప్యూటర్లలోకైనా కాపీ చేయవచ్చు. అయితే సంతకం చేయాలన్నా, సర్వర్ తానెవరో రుజువు చేసుకోవాలన్నా ప్రైవేట్ కీ అక్కడ ఉండి తీరాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే చిక్కుల్లో పెద్ద భాగం ఈ తేడా దగ్గరే పుడుతుంది.

ప్రైవేట్ కీ ఏ యంత్రంలో ఉంది?

ఒక సంస్థకు రెండు విండోస్ సర్వర్లు ఉన్నాయనుకుందాం. సర్టిఫికెట్ కోసం దరఖాస్తు ఫైలును మొదటి సర్వర్‌లో తయారుచేశారు. ఆ క్షణంలోనే కీల జత పుట్టింది. పబ్లిక్ కీ దరఖాస్తుతో పాటు జారీ సంస్థకు వెళ్లింది, ప్రైవేట్ కీ మొదటి సర్వర్‌లోనే ఉండిపోయింది. రెండు రోజుల తర్వాత సంతకమైన ఫైలు ఈమెయిల్‌లో వచ్చింది. దాన్ని తెరిచిన ఉద్యోగి రెండో సర్వర్‌లో ఎక్కించారు. విండోస్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు, జాబితాలో పేరు కూడా కనిపించింది. అయితే వెబ్ సర్వర్ అమరికల పేజీని రిఫ్రెష్ చేయగానే ఆ పేరు మాయమైంది. ప్రైవేట్ కీ లేని సర్టిఫికెట్ వెబ్ సర్వర్‌కు పనికిరాదు కనుక ఐఐఎస్ (విండోస్‌తో వచ్చే వెబ్ సర్వర్) దాన్ని చూపడం మానేసింది. ఫైలు చెడిపోలేదు, జారీ సంస్థ తప్పూ లేదు.

విండోస్‌లో సర్టిఫికెట్‌ను తెరిస్తే, దానికి సరిపోయే ప్రైవేట్ కీ ఈ కంప్యూటర్‌లో ఉందని చెప్పే వాక్యం, తాళంచెవి బొమ్మతో సహా, మొదటి పేజీ అడుగున కనిపించాలి. ఆ వాక్యం లేకపోవడానికి రెండు అర్థాలుండవచ్చు. కీ అదే యంత్రంలో ఉండి, సర్టిఫికెట్‌తో దాని లంకె మాత్రమే తెగి ఉంటే, విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ అనే సాధనంలోని రిపేర్‌స్టోర్ ఆదేశం దాన్ని తిరిగి కలుపుతుంది. కీ వేరే యంత్రంలో ఉంటే ఏ ఆదేశమూ దాన్ని ఇక్కడ సృష్టించలేదు. మొదటి సర్వర్ నుంచి కీతో సహా, పాస్‌వర్డుతో మూసిన పీఎఫ్ఎక్స్ ఫైలుగా బయటకు తీసి తేవాలి, లేదా కొత్త దరఖాస్తుతో సర్టిఫికెట్‌ను తిరిగి జారీ చేయించుకోవాలి.

మన దేశంలో వ్యక్తులు వాడే డిజిటల్ సంతకాల విషయంలో ఈ నియమం మరింత గట్టిది. సమాచార సాంకేతిక చట్టం, 2000 కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ లైసెన్సు పొందిన సంస్థలు ఈ సర్టిఫికెట్లను జారీచేస్తాయి. హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ కూడా బ్యాంకింగ్ రంగం కోసం అలా లైసెన్సు పొందిన సంస్థే. ఈ సంతకాల ప్రైవేట్ కీ యూఎస్‌బీ టోకెన్ లోపలే పుడుతుంది, అందులోనే ఉంటుంది, బయటకు రాదు. టోకెన్‌ను గుచ్చినప్పుడు విండోస్‌లోని ఒక సర్వీసు సర్టిఫికెట్ కాపీని మాత్రమే ఆ యూజరు జాబితాలోకి చేరుస్తుంది. టోకెన్ తీసేసిన తర్వాత కూడా ఆ కాపీ జాబితాలో మిగిలి ఉండవచ్చు. దాన్ని చూసి సంతకం ఇన్‌స్టాల్ అయ్యే ఉంది కదా అనుకోవడం సహజమే కానీ, అక్కడున్నది కీ లేని కాపీ.

అందుకే టోకెన్‌ను ఫార్మాట్ చేసే ముందు ఎవరైనా ఆగి ఆలోచించాలి. డ్రైవరు లేకపోవడం వల్లనో, బ్రౌజరు అమరిక వల్లనో వచ్చిన దోషానికి టోకెన్‌ను ఇనిషియలైజ్ చేస్తే కీ శాశ్వతంగా చెరిగిపోతుంది, కొత్త సర్టిఫికెట్ కొనక తప్పదు. టెండర్లకు వాడే ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ అయితే నష్టం ఇంకా పెద్దది. పాత కీతో మాత్రమే తెరవగల పత్రాలను కొత్త సర్టిఫికెట్ తెరవలేదు.

పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పని చెప్పినప్పుడు

సర్టిఫికెట్, ప్రైవేట్ కీ, మధ్యవర్తి సర్టిఫికెట్లు అన్నీ ఒకే ఫైలులో పెట్టి పాస్‌వర్డుతో మూసే పద్ధతి పీఎఫ్ఎక్స్ లేదా పీ12. ఒక యంత్రం నుంచి మరోదానికి కీ తరలించేటప్పుడు సాధారణంగా వాడేది ఇదే. ఇటీవలి ఏళ్లలో సర్వర్ల నిర్వాహకులను ఎక్కువగా తికమకపెట్టిన దోషం కూడా ఇక్కడిదే.

కీలు, సర్టిఫికెట్లతో పనిచేసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్ 3.0 వెర్షన్ 2021 సెప్టెంబరులో వచ్చింది. అంతకుముందు వెర్షన్లు ఈ ఫైలును ఆర్‌సీ2, ట్రిపుల్ డెస్ అనే పాత పద్ధతులతో మూసేవి. కొత్త వెర్షన్ మరింత బలమైన ఏఈఎస్-256 పద్ధతిని వాడడం మొదలుపెట్టింది. భద్రత దృష్ట్యా ఇది మంచి మార్పే. అయితే విండోస్ సర్వర్ 2016, అంతకన్నా పాత విండోస్ సర్వర్లకు ఈ కొత్త పద్ధతి తెలియదు. అవి తమకు తెలియదని చెప్పకుండా, నెట్‌వర్క్ పాస్‌వర్డ్ సరైనది కాదు అని చెబుతాయి. లినక్స్ యంత్రంలో నేడు తయారైన ఫైలు, సరైన పాస్‌వర్డు, విండోస్ సర్వర్ 2012 ఆర్2: ఈ మూడూ కలిస్తే ఎన్నిసార్లు టైపు చేసినా అదే జవాబు. అదే ఫైలు విండోస్ సర్వర్ 2019లో మొదటిసారికే తెరుచుకుంటుంది.

వ్యతిరేక దిశలోనూ ఇలాగే జరుగుతుంది. పాత విండోస్ తీసిచ్చిన, ఆర్‌సీ2తో మూసిన ఫైలును ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 మామూలుగా తెరవదు, ఆ పద్ధతికి మద్దతు లేదంటుంది. రెండు వైపులా పరిష్కారం ఒకే రకం: పాత పద్ధతిని కోరే లెగసీ ఎంపికతో ఫైలును మళ్లీ తయారుచేయడం లేదా తెరవడం. కొత్త విండోస్‌లో బయటకు తీసేటప్పుడు ట్రిపుల్ డెస్, ఏఈఎస్-256 రెండింటిలో ఏది కావాలో అడుగుతుంది. పాత పద్ధతి బలహీనమైనది కనుక అలా తయారైన ఫైలును ఈమెయిల్‌లో పంపకుండా, పని పూర్తికాగానే చెరిపేయడం అవసరం.

ఫైలు పేరు చివరి అక్షరాలూ కొంత తప్పుదారి పట్టిస్తాయి. సీఈఆర్, సీఆర్‌టీ అన్న పొడిగింపులున్న ఫైలు లోపల అక్షరాల రూపంలో ఉండే పెమ్ కావచ్చు, బైనరీ రూపంలోని డెర్ కావచ్చు. విండోస్ రెండింటినీ చదువుతుంది. డెబియన్, ఉబుంటు వ్యవస్థల్లో మాత్రం రూట్ సర్టిఫికెట్‌ను చేర్చాలంటే లోపల పెమ్ రూపం, పేరు చివర సీఆర్‌టీ ఉండాలి. పేరు చివర సీఆర్‌టీ లేకపోతే అప్‌డేట్ ఆదేశం ఆ ఫైలును వదిలేసి ముందుకు పోతుంది, దోషం కూడా చూపదు.

బ్రౌజర్‌లో తెరుచుకుని యాప్‌లో ఆగిపోవడం

జారీ సంస్థ తన అసలు కీతో, అంటే రూట్ కీతో, నేరుగా వెబ్‌సైట్లకు సంతకం చేయదు. రూట్ కీని నెట్‌వర్క్‌కు దూరంగా భద్రపరచి, దానితో ఒకటి రెండు మధ్యవర్తి సర్టిఫికెట్లకు సంతకం చేసి, రోజువారీ జారీని ఆ మధ్యవర్తులతో నడిపిస్తుంది. కాబట్టి ఒక సైటును నమ్మాలంటే కంప్యూటర్ సైటు సర్టిఫికెట్ నుంచి మధ్యవర్తికి, మధ్యవర్తి నుంచి తన జాబితాలోని రూట్‌కు వరుసగా చేరుకోవాలి. రూట్ సాధారణంగా కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. మధ్యవర్తిని మాత్రం సర్వరే పంపాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. జారీ సంస్థ ఇచ్చిన కట్టలోంచి తమ పేరున్న ఒక్క ఫైలునే సర్వర్‌లో పెట్టి, మిగతావి అక్కర్లేదనుకుంటారు. తర్వాత విండోస్‌లోని క్రోమ్‌లో పరీక్షిస్తే సైటు చక్కగా తెరుచుకుంటుంది. సర్టిఫికెట్ లోపల మధ్యవర్తి ఎక్కడ దొరుకుతుందో చెప్పే చిరునామా ఉంటుంది కనుక, లేని లంకెను క్రోమ్ స్వయంగా తెచ్చుకుంది. ఫైర్‌ఫాక్స్ అలా తెచ్చుకోదు, అయితే తనకు తెలిసిన మధ్యవర్తులను ముందే దగ్గర పెట్టుకోవడం వల్ల అది కూడా చాలాసార్లు గట్టెక్కుతుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మీద నడిచే సాధనాలు, జావా ప్రోగ్రాములు, అనేక మొబైల్ యాప్‌లు మామూలుగా ఈ పని చేయవు. అవి సర్వర్ ఇచ్చినదాన్నే చూసి, లంకె తెగిందని కనెక్షన్‌ను నిరాకరిస్తాయి. అందుకే బ్రౌజర్‌లో తెరుచుకుంది కనుక సర్టిఫికెట్ సరిగా పెట్టాం అన్న నిర్ధారణ నిలవదు. బ్రౌజర్ చూపిన ఉదారత వల్ల సర్వర్ లోపం కప్పబడిపోతుంది.

గొలుసు పై చివర కూడా తెగవచ్చు. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ గడువు ముగిసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే జారీ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు చాలాకాలం దానిపైనే ఆధారపడ్డాయి. వాటికి కొత్త రూట్ అప్పటికే సిద్ధంగా ఉంది. అయినా ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.2 వంటి పాత సాఫ్ట్‌వేర్, సర్వర్ పంపిన గొలుసు కాలం చెల్లిన రూట్ వైపు చూపగానే, రెండో దారి ఉందేమో వెతక్కుండా ఆగిపోయింది. ఆ రోజు సర్టిఫికెట్లు చెల్లుబాటులోనే ఉన్నాయి. వాటిని పరీక్షించిన పాత కంప్యూటర్లే సరైన దారి కనుక్కోలేకపోయాయి. 2020 మే 30న యాడ్‌ట్రస్ట్ రూట్ గడువు తీరినప్పుడూ ఇదే జరిగింది.

విండోస్‌లో మధ్యవర్తులకూ రూట్‌లకూ వేర్వేరు అరలున్నాయి. రూట్‌ను మధ్యవర్తుల అరలో పెడితే అది నమ్మకం పొందదు. మధ్యవర్తిని రూట్‌ల అరలో పెడితే మొదట అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, యూజర్లను సర్టిఫికెట్‌తో గుర్తించే ఐఐఎస్ సర్వర్లలో 403.16 దోషానికి ఇదొక ప్రసిద్ధ కారణం. తనకు తాను సంతకం చేసుకోనిదేదీ రూట్‌ల అరలో ఉండకూడదు.

ఒక్క కంప్యూటర్‌లోనే పలు నమ్మకపు జాబితాలు

ఏ రూట్‌లను నమ్మాలో చెప్పే జాబితాను ట్రస్ట్ స్టోర్ అంటారు. కంప్యూటర్‌కు ఒక్కటే జాబితా ఉంటుందనుకోవడం సాధారణం. వాస్తవానికి విండోస్‌కు ఒకటి, ఫైర్‌ఫాక్స్‌కు ఒకటి, జావాకు ఒకటి, అడోబ్ రీడర్‌కు ఒకటి ఉంటాయి. క్రోమ్ కూడా 2022 నుంచి తన సొంత జాబితాకు మారింది, యూజరు లేదా సంస్థ విండోస్‌లో చేర్చిన రూట్‌లను మాత్రం గౌరవిస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2023 నవంబరులో వచ్చిన 120వ వెర్షన్ నుంచి, అలా చేర్చిన రూట్‌లను తనంతట తానే స్వీకరిస్తోంది. ఆండ్రాయిడ్ 7 నుంచి, ఫోన్‌లో యూజరు చేర్చిన రూట్‌ను బ్రౌజర్ నమ్మినా, ఇతర యాప్‌లు తాము ప్రత్యేకంగా కోరితే తప్ప నమ్మవు. ఐఫోన్‌లో రూట్‌ను చేర్చిన తర్వాత పూర్తి నమ్మకం అనే మీటను విడిగా ఆన్ చేయాలి.

డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్‌లో సంతకం దగ్గర ప్రశ్నార్థకం, చెల్లుబాటు తెలియదు అన్న మాట చాలామందికి కనిపించేదే. పత్రం నకిలీదేమోనని కొందరు భయపడతారు. సంతకం చేసిన సర్టిఫికెట్ గొలుసు భారత కంట్రోలర్ రూట్ వద్ద ముగుస్తుంది. ఆ రూట్ ఆ కంప్యూటర్‌లోని అడోబ్ జాబితాలో లేకపోతే, పత్రం మారలేదని లెక్కగట్టగలిగినా సంతకందారును నమ్మవచ్చో లేదో అడోబ్ చెప్పలేదు. ప్రశ్నార్థకానికి అర్థం అదే. నకిలీ అయితే, అంటే సంతకం తర్వాత పత్రాన్ని మార్చి ఉంటే, కనిపించే సందేశం వేరు.

ఈ జాబితాలు విడివిడిగా ఉండడం అనవసరపు గందరగోళమనీ, ఆపరేటింగ్ సిస్టమ్ జాబితా ఒక్కటే అందరూ వాడితే నిర్వహణ తేలికనీ ఒక వాదన ఉంది. కార్యాలయాల నెట్‌వర్క్‌లు చూసేవారు ఈ వాదన వైపే మొగ్గుతారు, వారి కష్టం నిజమైనది. రెండో వైపు బలం 2014లో మన దేశంలోనే బయటపడింది. ఆ ఏడాది జులై 2న గూగుల్, తన చిరునామాల పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు జారీ అయ్యాయని గుర్తించింది. వాటిని జారీచేసినవి భారత కంట్రోలర్ రూట్ కింద నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు ఉన్న మధ్యవర్తి సర్టిఫికెట్లు. మరునాడే కంట్రోలర్ వాటిని రద్దుచేసింది. ఆ రూట్ అప్పట్లో మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది కనుక, విండోస్‌లో ఆ జాబితాపై ఆధారపడే చాలా ప్రోగ్రాములకు ఆ నకిలీలు చెల్లేవి. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితాలో అది లేదు కనుక దాని వినియోగదారులకు ముప్పు లేకపోయింది. ఒక జాబితా మోసపోయినప్పుడు మరొకటి నిలబడడం విడివిడి జాబితాల వల్లే సాధ్యమైంది. ఇన్ని జాబితాల వల్ల పడే శ్రమకు ఇది తగిన ప్రతిఫలమేనని నా అభిప్రాయం.

యూజరు అర, యంత్రం అర

విండోస్ సొంత జాబితా కూడా రెండు అంచెల్లో ఉంటుంది. ఒకటి లాగిన్ అయిన యూజరుది, రెండోది యంత్రం మొత్తానిది. ఫైలుపై రెండుసార్లు నొక్కి వరుసగా ముందుకు వెళితే సర్టిఫికెట్ మామూలుగా యూజరు అరలోకి చేరుతుంది. అదే కంప్యూటర్‌లో మరొకరు లాగిన్ అయితే వారికి అది కనిపించదు. నేపథ్యంలో నడిచే సర్వీసులు వేరే ఖాతాతో నడుస్తాయి కనుక వాటికీ కనిపించదు. నిర్వాహకుడు లాగిన్ అయి పరీక్షించినప్పుడు పనిచేసి, రాత్రివేళ తనంతట తాను నడవాల్సిన పని మాత్రం విఫలమవుతుంటే మొదట అనుమానించవలసింది దీన్నే. యంత్రం అరలోనే పెట్టినా, ప్రైవేట్ కీని చదివే అనుమతి ఆ సర్వీసు ఖాతాకు లేకపోతే కీ లేదనే అర్థంలోనే సందేశం వస్తుంది. కీ ఉంది, దాన్ని తాకే హక్కే లేదు.

పదుల సంఖ్యలో కంప్యూటర్లున్న చోట ఒక్కొక్కదానిలో చేత్తో పెట్టడం వల్ల ఈ తేడాలు పెరుగుతాయి. డొమైన్ (కంప్యూటర్లన్నింటినీ ఒకేచోటి నుంచి నిర్వహించే విండోస్ ఏర్పాటు) ఉన్న కార్యాలయాల్లో గ్రూప్ పాలసీ ద్వారా రూట్‌ను ఒకేసారి అన్నింటి యంత్రపు అరలోకి పంపవచ్చు. డొమైన్‌లో చేరని ల్యాప్‌టాప్‌లు, సొంత జాబితా ఉన్న జావా ప్రోగ్రాములు అప్పుడు కూడా మిగిలిపోతాయి.

నెట్‌వర్క్ అడ్డుపడే చోట్లు

టోకెన్‌ను కార్యాలయ సర్వర్‌కు గుచ్చి, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ సర్వర్‌లోకి వెళ్లి సంతకం చేయబోతే టోకెన్ కనిపించదు. అలా వెళ్లినప్పుడు విండోస్, స్మార్ట్‌కార్డుల కోసం సర్వర్‌ను కాకుండా మీరు కూర్చున్న కంప్యూటర్‌ను వెతుకుతుంది. టోకెన్ మీ దగ్గరే ఉంటే, మీ కంప్యూటర్‌లో స్మార్ట్‌కార్డు పంచుకునే అమరిక ఆన్ అయి సర్వర్‌లో డ్రైవరు ఉంటే పనిచేస్తుంది. సర్వర్ తెరనే యథాతథంగా చూపే ఇతర సాధనాలతో వెళితే సర్వర్‌కు గుచ్చిన టోకెన్ కనిపిస్తుంది. ఒకే టోకెన్, ఒకే సర్వర్ అయినా వెళ్లిన దారిని బట్టి ఫలితం మారుతుంది. ఒకరి టోకెన్‌ను సర్వర్‌కు శాశ్వతంగా గుచ్చి పదిమంది వాడుకోవడం సాంకేతికంగా కుదిరినా, ఆ సంతకానికి చట్టపరంగా బాధ్యుడు టోకెన్ యజమానేనన్నది మరచిపోరాదు.

ఫైర్‌వాల్ వల్ల వచ్చే దోషాలు మరింత మరుగున ఉంటాయి. సర్టిఫికెట్ రద్దయిందో లేదో తెలుసుకునే జాబితాలను జారీ సంస్థలు సాధారణ హెచ్‌టీటీపీ చిరునామాల్లో ఉంచుతాయి. భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌లో ఉంచితే ఆ చిరునామా సర్టిఫికెట్‌ను పరీక్షించడానికి మళ్లీ మరో జాబితా కావాలి, దానికి అంతుండదు. భద్రత పేరుతో, హెచ్‌టీటీపీ వాడే 80వ పోర్టును పూర్తిగా మూసేసిన కార్యాలయాల్లో ఈ జాబితాలు అందవు. రద్దు సమాచారమిచ్చే సర్వర్ అందుబాటులో లేదన్న దోషం వస్తుంది, లేదా ప్రోగ్రాం చాలాసేపు నిలిచిపోతుంది. విండోస్ రూట్‌లన్నింటినీ ముందే దగ్గర పెట్టుకోదన్నది కూడా ఇక్కడ ముఖ్యం. కొత్త రూట్ అవసరమైనప్పుడు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. బయటి ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో, చివర 0109 అంకెలున్న దోష సంఖ్యతో, రూట్‌ను నమ్మలేమన్న సందేశం అందుకే వస్తుంది. పక్కనే ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో అదే సర్టిఫికెట్ నిక్షేపంగా పనిచేస్తుంది.

గడియారం సంగతి చిన్నదే అయినా వదలకూడదు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిన కంప్యూటర్‌కు ప్రతి సర్టిఫికెట్టూ ఇంకా అమల్లోకి రానిదే.

పేరు విషయంలోనూ నెట్‌వర్క్ కంప్యూటర్లకు ప్రత్యేకమైన చిక్కుంది. కార్యాలయం లోపల సర్వర్‌ను కొందరు పొట్టి పేరుతో, కొందరు ఐపీ చిరునామాతో, కొందరు పూర్తి పేరుతో పిలుస్తారు. 2017లో వచ్చిన క్రోమ్ 58 నుంచి, సర్టిఫికెట్ లోపలి ప్రత్యామ్నాయ పేర్ల జాబితాలో ఉన్న పేర్లనే బ్రౌజర్ లెక్కలోకి తీసుకుంటుంది. కామన్ నేమ్ గడిలో రాసినది చూడదు. పాత పద్ధతిలో తయారుచేసుకున్న సొంత సర్టిఫికెట్లు గడువు మిగిలి ఉండగానే తిరస్కరణకు గురైంది ఇందువల్లే.

జీఎస్‌టీ పోర్టల్‌లో కనెక్షన్ దోషం: ఒక ఉదాహరణ

వెబ్‌పేజీ నేరుగా యూఎస్‌బీ టోకెన్‌ను తాకలేదు. గతంలో ఆ పని జావా ఆప్లెట్లు చేసేవి. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో అటువంటి ప్లగిన్లకు స్వస్తి చెప్పాయి. ఆ తర్వాత పోర్టళ్లు వేరే దారి పట్టాయి. జీఎస్‌టీ పోర్టల్ విషయంలో ఎమ్‌సైనర్ అనే చిన్న ప్రోగ్రాం కంప్యూటర్‌లో నడుస్తూ, 127.0.0.1 అనే సొంత చిరునామాలో 1585 పోర్టు వద్ద పేజీ పిలుపు కోసం ఎదురుచూస్తుంది. పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో ఉంది కనుక ఈ లోపలి సంభాషణ కూడా భద్రమైన మార్గంలోనే జరగాలి, అందుకు ఆ ప్రోగ్రాంకు సొంత సర్టిఫికెట్ కావాలి. ఏ బహిరంగ జారీ సంస్థా 127.0.0.1కు సర్టిఫికెట్ ఇవ్వదు. కాబట్టి బ్రౌజర్ ఆ స్థానిక సర్టిఫికెట్‌ను నమ్మేలా చేసేదాకా సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదన్న సందేశమే వస్తుంది. ఆ చిరునామాను బ్రౌజర్‌లో విడిగా తెరిచి అంగీకరించమని సూచనల్లో ఉండేది ఇందుకే.

ఇప్పుడు ఈ ఒక్క దోషం వెనుక ఎన్ని కారణాలుండవచ్చో చూడండి. ప్రోగ్రాం నడవకపోవడం, 1585ను మరో ప్రోగ్రాం ఆక్రమించడం, స్థానిక సర్టిఫికెట్‌ను ఒక బ్రౌజర్‌లో అంగీకరించి మరో బ్రౌజర్‌లో పని మొదలుపెట్టడం, యాంటీవైరస్ లోపలి సంభాషణలో తలదూర్చడం, ఒకే సర్వర్‌పై పలువురు లాగిన్ అయినప్పుడు ఆ పోర్టు మొదటివారికే దక్కడం. వీటిలో ఏ ఒక్కటీ టోకెన్‌లోని సర్టిఫికెట్‌కు సంబంధించినది కాదు. కనెక్షన్ కుదిరి, సర్టిఫికెట్ పేరు తెరమీద కనిపించి, ఆ తర్వాత పాన్ సరిపోలడం లేదనో, సంతకం నమోదు కాలేదనో వస్తే మాత్రం విషయం మారుతుంది. అప్పుడు చూడవలసింది పోర్టల్‌లోని నమోదును. సర్టిఫికెట్‌ను పునరుద్ధరించుకున్న ప్రతిసారీ పోర్టల్‌కు అది కొత్త సర్టిఫికెట్టే, మళ్లీ నమోదు చేయాలి.

రూట్‌ను చేర్చుకోవడంపై రెండు అభిప్రాయాలు

హెచ్చరిక రాగానే రూట్‌ను దిగుమతి చేసుకోండి అన్న సలహా సులభంగా దొరుకుతుంది. రూట్‌ను నమ్మడమంటే, ఆ కీ ఉన్నవారు ఏ సైటు పేరుతోనైనా సర్టిఫికెట్ తయారుచేస్తే ఈ కంప్యూటర్ ఒప్పుకుంటుందని అర్థం. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం అన్ని యంత్రాల్లోనూ ఒకే రూట్‌ను, ఒకే ప్రైవేట్ కీతో సహా పెట్టింది. ఆ కీని బయటకు లాగినవారు ఆ యంత్రాల బ్యాంకింగ్ సంభాషణల్లోకి కూడా చొరబడగలిగే పరిస్థితి ఏర్పడింది. 2019లో కజకస్తాన్ ప్రభుత్వం పౌరులు తమ ఫోన్లలో చేర్చుకోవాలన్న రూట్‌ను ప్రధాన బ్రౌజర్లు నిరోధించాయి.

మరోవైపు, కార్యాలయాల ఫైర్‌వాళ్లు వైరస్‌ను, సమాచార చౌర్యాన్ని పట్టుకోవడానికి ఎన్‌క్రిప్ట్ అయిన రాకపోకలను మధ్యలో తెరిచి చూస్తాయి. అందుకు సంస్థ సొంత రూట్ ప్రతి కంప్యూటర్‌లో ఉండాలి. సంస్థ యంత్రాల్లో, ఉద్యోగులకు తెలియజేసి, కీని జాగ్రత్తగా కాపాడుకుంటూ చేస్తే ఇది సమర్థనీయమేనని భద్రతా నిపుణుల్లో చాలామంది అంటారు. బ్యాంకు, ఆరోగ్య సమాచారం కూడా తెరచుకుంటుందనీ, ఆ ఒక్క కీ పోతే అంతా పోతుందనీ గోప్యతను కోరేవారు అంటారు. రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: ఎవరిదో తెలియని రూట్‌ను, ఒక్క హెచ్చరికను వదిలించుకోవడానికి, యంత్రం మొత్తానికి చేర్చడం సమంజసం కాదు.

గడువు తగ్గింపు ఎవరికి వర్తిస్తుంది

గడువును 47 రోజులకు తగ్గించడానికి చెప్పే కారణం రద్దు వ్యవస్థ బలహీనత. కీ దొంగిలించబడినా రద్దు సమాచారం ప్రతి కంప్యూటర్‌కూ నమ్మకంగా చేరడం లేదు కనుక, సర్టిఫికెట్ తనంతట తాను త్వరగా చెల్లకుండా పోవడం మేలన్నది వాదన. పునరుద్ధరణను యంత్రానికి అప్పగించినవారికి గడువెంతైనా ఒకటే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ మొదటి నుంచీ 90 రోజుల సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చింది. అభ్యంతరం వచ్చేది పాత ఫైర్‌వాళ్లు, ప్రింటర్లు, ఆస్పత్రి యంత్రాలు, చిన్న కళాశాలల సర్వర్లు చూసేవారి నుంచి. వాటిలో చాలావరకు సర్టిఫికెట్‌ను చేత్తోనే మార్చాలి, మార్చిన ప్రతిసారీ పైన చెప్పిన పొరపాట్లన్నింటికీ మళ్లీ అవకాశం ఉంటుంది.

ఈ తీర్మానం బ్రౌజర్లు నమ్మే బహిరంగ వెబ్ సర్వర్ల సర్టిఫికెట్లకే పరిమితం. కార్యాలయం తన సొంత రూట్‌తో లోపలి సర్వర్లకు ఇచ్చుకునేవి దీని పరిధిలోకి రావు. ఆడిటర్లు, కాంట్రాక్టర్లు, కంపెనీ డైరెక్టర్లు వాడే టోకెన్ సంతకాలు భారత కంట్రోలర్ నిబంధనల కింద నడుస్తాయి కనుక, వాటి గడువు సర్టిఫికెట్ కొన్నప్పుడు ఎంచుకున్న కాలమే.